మహాబలిపురం, కోవలం: సర్ఫింగ్‌కీ స్కేట్‌బోర్డింగ్‌కీ వెళ్లేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నై దాటాక ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద సుమారు 20 కిలోమీటర్ల తేడాలో ఉన్న ఊళ్లు ఇవి. హైదరాబాద్, విజయవాడ, నెల్లూరు, తిరుపతి నుంచి సర్ఫింగ్ నేర్చుకుందామని బయల్దేరేవాళ్లు ముందుగా అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. కొన్నిటికి రెండు ముక్కల్లో జవాబు చెప్పొచ్చు. కొన్నిటికి కుదరదు, ఎందుకంటే సగం విషయాలు ఆ రోజు గాలి ఎటు వీస్తోందన్న దాన్ని బట్టే ఉంటాయి.

కోవలం అంటే కేరళలో ఉన్నది కదా?

అదీ ఉంది, ఇదీ ఉంది. కేరళ కోవలం తిరువనంతపురం పక్కన, అరేబియా సముద్రం మీద. మనం మాట్లాడుతున్న కోవలం తమిళనాడులో, చెన్నైకి దక్షిణాన, బంగాళాఖాతం మీద. బ్రిటిష్ వాళ్లు దీన్నే కోవ్‌లాంగ్ అని రాసేవారు, సర్ఫింగ్ వాళ్లు ఇప్పటికీ ఆ పేరే వాడతారు. చిక్కేమిటంటే రెండు చోట్లా సర్ఫింగ్ నేర్పుతారు. అందుకని ఆన్‌లైన్‌లో గది బుక్ చేసేటప్పుడు రాష్ట్రం పేరు చూసుకోండి. డబ్బు కట్టేశాక మ్యాప్ తెరిస్తే లాభం లేదు.

విశాఖలో సముద్రం లేదా? ఇంత దూరం ఎందుకు?

ఆంధ్రప్రదేశ్‌కి వెయ్యి కిలోమీటర్లకి అటూ ఇటూగా తీరం ఉంది. అలలకి కొదవ లేదు. విశాఖలో రుషికొండ దగ్గర సర్ఫింగ్ చేసేవాళ్లూ ఉన్నారు. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్లకి అల ఒక్కటే చాలదు. నడుము లోతు నీళ్లు కాస్త దూరం వరకూ ఉండాలి, కాళ్ల కింద ఇసుక ఉండాలి, పక్కన ఆ నీళ్లని చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి ఉండాలి. విశాఖ ఆర్కే బీచ్‌లో చాలా చోట్ల ఒడ్డు దిగగానే లోతు, అల ఒడ్డు మీదే విరుగుతుంది. అక్కడ ఏటా జరిగే ప్రమాదాలు అందరికీ తెలిసినవే.

కోవలం, మహాబలిపురంలో పదేళ్లకి పైగా ఒక పద్ధతి ఏర్పడింది. కోవలం మత్స్యకార కుటుంబంలో పుట్టిన మూర్తి మేగవన్ తనంతట తాను సర్ఫింగ్ నేర్చుకుని, ఊరి పిల్లలకి నేర్పడం మొదలుపెట్టారు. 2012లో అది కోవ్‌లాంగ్ పాయింట్ సర్ఫ్ స్కూల్ అయింది. మరుసటి ఏడాది నుంచి అక్కడ సర్ఫింగ్ ఉత్సవం జరగడం మొదలైంది. క్రికెటర్ జాంటీ రోడ్స్ లాంటివాళ్లు వచ్చి బోర్డు ఎక్కారు. ఇవాళ మీకు నేర్పే కుర్రాళ్లలో చాలామంది ఆ పల్లెల్లోనే పుట్టి పెరిగినవాళ్లు. వాళ్ల నాన్నలో, తాతలో అదే నీళ్లలో వలలు వేసినవాళ్లు. ఏ అల ఎక్కడ విరుగుతుందో వాళ్లు ఒడ్డున నిలబడే చెప్పేస్తారు. ఇంత దూరం వెళ్లడానికి అసలు కారణం అదే.

ఎలా వెళ్లాలి?

విజయవాడ, నెల్లూరు వైపు నుంచి అయితే పినాకిని, జన్‌శతాబ్ది, వందేభారత్, ఏదో ఒకటి పట్టుకుని చెన్నై సెంట్రల్‌లో దిగొచ్చు. అక్కడి నుంచి కోవలం సుమారు 40 కిలోమీటర్లు, మహాబలిపురం 60కి కొంచెం తక్కువ. హైదరాబాద్ నుంచి చార్మినార్ ఎక్స్‌ప్రెస్ చెన్నై దక్షిణ శివార్లలోని తాంబరం దాకా వెళ్తుంది కాబట్టి సెంట్రల్ ట్రాఫిక్‌లో చిక్కుకోకుండా తాంబరంలో దిగి క్యాబ్ మాట్లాడుకోవడం తేలిక. కాకినాడ, రాజమండ్రి వైపు వాళ్లకి సర్కార్ ఎక్స్‌ప్రెస్ చెంగల్పట్టులో ఆగుతుంది. అక్కడి నుంచి మహాబలిపురం 30 కిలోమీటర్ల లోపే, బస్సులున్నాయి. తిరుపతి వాళ్లు కాంచీపురం, చెంగల్పట్టు మీదుగా వస్తే చెన్నై ఊళ్లోకి వెళ్లే పనే లేదు.

సొంత కారులో వచ్చేవాళ్లకి ఒక మాట. శని, ఆదివారాల్లో ఈసీఆర్ మీద చెన్నై అంతా ఉంటుంది. శుక్రవారం రాత్రికే చేరిపోండి, లేదా తెల్లవారుజామున బయల్దేరండి.

రెండిట్లో ఎక్కడ ఉండాలి?

పూర్తిగా కొత్త అయితే కోవలం. ఊరు చిన్నది. గది, సర్ఫ్ స్కూలు, టీ కొట్టు అన్నీ నడిచి వెళ్లే దూరంలో ఉంటాయి. అక్కడి బీచ్‌కి 2021లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది, శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు అది. ఆ భాగంలో స్నానాల గదులు, లైఫ్‌గార్డులు ఉంటారు. సర్ఫింగ్ జరిగే చోటు మాత్రం దానికి కాస్త పక్కన.

ఇంట్లోవాళ్లతో వస్తే మహాబలిపురం. మీరు నీళ్లలో ఉన్న రెండు గంటలూ వాళ్లకి చూడటానికి ఊరంతా ఉంది. సాయంత్రాలు బావుంటాయి, అన్ని రకాల హోటళ్లూ ఉన్నాయి. తీర ఆలయం పక్కన, సర్ఫర్‌కి కుడివైపుగా విరుగుతూ పోయే అల ఈ తీరంలో పేరున్న వాటిలో ఒకటి, కానీ అక్కడ రాళ్లున్నాయి. అది నేర్చుకునే చోటు కాదు. కొత్తవాళ్లని ఊరి బీచ్‌లోనే ఇసుక అడుగు ఉన్న చోటికి తీసుకెళ్తారు.

ఏ నెలల్లో వెళ్తే మంచిది?

నేర్చుకోవడానికి జనవరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల వరకూ. అలలు చిన్నవి, నీళ్లు కొంచెం తేటగా ఉంటాయి, ఎండ ఇంకా ముదరదు. కొన్ని రోజులు సముద్రం చెరువులా పడుకుని ఉండే అవకాశమూ ఉంది, అది భరించాలి.

అల మీద నిలబడటం వచ్చేసినవాళ్లకి మే నుంచి సెప్టెంబర్. ఆ నెలల్లో దక్షిణ హిందూ మహాసముద్రంలో ఎక్కడో తుపాను గాలులు లేపిన అలలు రోజుల తరబడి ప్రయాణం చేసి ఇక్కడికి వస్తాయి. పైగా నైరుతి గాలి పొద్దుటి పూట నేల వైపు నుంచి సముద్రం మీదకి వీస్తుంది. ఎదురుగాలికి అల ముఖం నున్నగా, నిటారుగా నిలబడి, ఆలస్యంగా విరుగుతుంది. సర్ఫర్లు కోరుకునేది ఆ గాలినే. మనకి నైరుతి రుతుపవనాలంటే వానలు గుర్తొస్తాయి గానీ చెన్నై వైపు అసలు వానలు ఆ తర్వాతే.

అక్టోబర్ మధ్య నుంచి డిసెంబర్ వరకూ ఈశాన్య రుతుపవనాల కాలం. గాలి సముద్రం నుంచి ఒడ్డు మీదకి కొడుతుంది, అలలు గజిబిజిగా వస్తాయి, నీళ్లు బురదగా మారతాయి, ప్రవాహం దిశ కూడా దక్షిణానికి తిరుగుతుంది. తుపానుల భయం ఉండనే ఉంది. 2022 డిసెంబర్‌లో మాండూస్ తుపాను తీరం దాటింది మహాబలిపురం దగ్గరే. ఆ నెలల్లో కూడా మధ్యలో నాలుగు మంచి రోజులు దొరుకుతాయి, కానీ సెలవు పెట్టి, టికెట్లు కొనుక్కుని, వాటి మీద ఆశ పెట్టుకోకండి.

రోజులో ఏ టైమ్‌కి నీళ్లలో ఉండాలి?

పొద్దున ఆరు నుంచి తొమ్మిది. నేర్పేవాళ్లు 6 గంటలకి రమ్మంటే మీకు కష్టం కలిగించాలని కాదు. రాత్రంతా నేల చల్లబడి ఉంటుంది కాబట్టి పొద్దున గాలి ఒడ్డు నుంచి సముద్రం మీదకి మెల్లగా పోతుంది. ఎండెక్కాక నేల వేడెక్కి గాలి తిరగబడుతుంది, సముద్రపు గాలి మొదలవుతుంది. పదకొండు, పన్నెండు అయ్యేసరికి నీళ్లంతా చిందరవందర. పొద్దున అద్దంలా ఉన్న చోటే మధ్యాహ్నం చూస్తే వేరే ఊరికి వచ్చామా అనిపిస్తుంది.

సాయంత్రం స్కేటింగ్‌కి ఉంచుకోండి. మధ్యాహ్నం పడుకోండి. ఈ ఊళ్లలో దినచర్య ఇంతే, దీన్ని మార్చాలని చూసేవాళ్లు రెండూ పోగొట్టుకుంటారు.

ఈత రాదు. నేర్చుకోవచ్చా?

చాలా స్కూళ్లు ఈత రానివాళ్లని కూడా తీసుకుంటాయి. మొదటి పాఠమంతా నడుము లోతులోనే, పక్కన కోచ్ ఉంటాడు, బోర్డు మీ కాలికి తాడుతో కట్టి ఉంటుంది, బోర్డు తేలుతుంది. కాబట్టి మొదటి క్లాసుకి ఇబ్బంది లేదు.

కానీ నా అభిప్రాయం అడిగితే, రెండు నెలలు ముందు మీ ఊళ్లో ఈత కొలనులో చేరండి. ఈత రానివాళ్లకి వచ్చే అసలు సమస్య మునిగిపోవడం కాదు, కంగారు. అల మీద పడి ఒక్క మూడు సెకన్లు నీళ్ల కింద ఉంటే చాలు, ఊపిరి అందట్లేదని కాళ్లూ చేతులూ కొట్టుకుంటారు, బోర్డుని వదిలేస్తారు, నీళ్లు మింగుతారు. ఆ తర్వాత ఆ రోజంతా భయంతోనే పోతుంది. కొలనులో కళ్లు తెరిచి నీళ్ల కింద ఉండటం అలవాటైనవాళ్లు అదే మూడు సెకన్లని పట్టించుకోరు. ఇక కోచ్ లేకుండా బోర్డు అద్దెకి తీసుకుని వెళ్దామనుకుంటే మాత్రం, ఈత రాకుండా వద్దే వద్దు.

మొదటి క్లాసులో ఏం చేయిస్తారు?

అరగంట ఇసుక మీదే. ఇసుకలో బోర్డు ఆకారం గీసి, దాని మీద బోర్లా పడుకోబెట్టి, రెండు చేతులూ పక్కటెముకల దగ్గర ఆనించి ఒక్క ఊపున లేచి నిలబడమంటారు. పాప్ అప్ అంటారు దీన్ని. మోకాళ్ల మీద ఆగి, ఆలోచించుకుని లేవడం కుదరదు. మోకాలు ఆనించే అలవాటు పడితే పోగొట్టుకోవడానికి చాలా రోజులు పడుతుంది. అందుకే కోచ్ మొదట్లోనే కసురుతాడు, నొచ్చుకోవద్దు.

ఏ కాలు ముందు పెట్టాలో తేలుస్తారు. ఎడమ కాలు ముందు పెడితే రెగ్యులర్, కుడి కాలు ముందైతే గూఫీ. మీకు తెలియకపోతే వెనక నుంచి ఎవరైనా మెల్లగా తోసినప్పుడు ఏ కాలు ముందుకు పడుతుందో చూస్తారు.

తర్వాత నీళ్లలోకి. విరిగిపోయి నురగగా వచ్చే అలల మీదే నేర్పుతారు. కోచ్ అల చూసి బోర్డు తోసి లేవమని అరుస్తాడు. చాలామంది మొదటి రోజే ఒకటి రెండు సార్లు నిలబడతారు. ఆ ఫొటోతో సర్ఫింగ్ వచ్చేసిందనుకోవడం అందరూ చేసేదే. నిజానికి అక్కడ కష్టపడింది కోచ్. అల ఎప్పుడు వస్తుందో చూసుకుని, తనంతట తాను చేతులతో తెడ్డు వేసుకుని, ఎవరూ తోయకుండా పట్టుకున్న రోజు నుంచి లెక్క.

ఎన్ని రోజులు ఉండాలి? ఎంత అవుతుంది?

వారాంతం చాలదు. శనివారం భుజాలు పట్టేస్తాయి, ఆదివారం నొప్పితోనే గడుస్తుంది, అసలు శరీరానికి అర్థమయ్యేది మూడో రోజు, నాలుగో రోజు. అప్పటికి మీరు రైల్లో ఉంటారు. వీలైతే సోమవారం నుంచి శుక్రవారం వరకూ వెళ్లండి. జనం తక్కువ, గదులు చవక, కోచ్‌కి మీ మీద ధ్యాస ఎక్కువ.

గంటా, గంటన్నర పాఠానికి బోర్డుతో కలిపి సుమారు 1,500 నుంచి 2,500 రూపాయలు తీసుకుంటారు. నాలుగైదు పాఠాలు కలిపి కట్టేస్తే తగ్గుతుంది. అడగడానికి మొహమాటపడకండి. బేరం చేయాల్సింది మాత్రం పాఠాల సంఖ్య మీద, కోచ్ మీద కాదు. ఒక కోచ్‌కి ఎంతమంది అన్నది డబ్బు కంటే ముఖ్యం. ముగ్గురు దాటితే మీ వంతు వచ్చేసరికి మంచి అలలు వెళ్లిపోతాయి. అంతర్జాతీయ సర్ఫింగ్ సంఘం సర్టిఫికెట్ ఉన్న కోచ్‌లు రెండు ఊళ్లలోనూ ఉన్నారు, అదీ అడగండి.

ఎలాంటి బోర్డు? కొనుక్కోవాలా?

కొనొద్దు. మొదట్లో 8, 9 అడుగుల మెత్తటి ఫోమ్ బోర్డు ఇస్తారు. పెద్దది, బరువుగా అనిపిస్తుంది, వీడియోల్లో చూసే సన్నటి బోర్డులా ఉండదు. అలాంటి సన్నటిది అడిగి తీసుకునే కుర్రాళ్లు ప్రతిచోటా ఉంటారు, వాళ్లు సాయంత్రం దాకా పడుకుని చేతులాడించడమే తప్ప నిలబడరు. పెద్ద బోర్డు త్వరగా అల వేగం అందుకుంటుంది, కదలకుండా నిలుస్తుంది, తలకి తగిలినా పగలదు.

ఇక్కడ నీళ్లు ఏడాది పొడవునా వెచ్చగానే ఉంటాయి కాబట్టి వెట్‌సూట్ అక్కర్లేదు. ఒంటికి అతుక్కునే పొడుగు చేతుల రాష్ గార్డ్ చాలు. అది లేకుండా బోర్డు మీద బోర్లా పడుకుంటే పొట్ట, రొమ్ము ఒరుసుకుపోయి రాత్రి దుప్పటి తగిలినా మండుతుంది.

ప్రమాదాలేమిటి?

ఎక్కువ దెబ్బలు సొంత బోర్డు వల్లే తగులుతాయి. మీకూ అలకీ మధ్యలో బోర్డు ఎప్పుడూ ఉండకూడదు, అల దాన్ని మీ మొహం మీదకే తోస్తుంది. పడేటప్పుడు తలకిందులుగా దూకొద్దు, వెల్లకిలానో పక్కకో పరుచుకుని పడండి. పైకి లేచేటప్పుడు చేతులు తల మీద పెట్టుకుని లేవండి.

రెండోది రిప్ కరెంట్. అలలు ఒడ్డుకి తెచ్చిన నీళ్లు ఎక్కడో ఒకచోట సన్నటి పాయగా వెనక్కి పోతాయి. అక్కడ అలలు విరగవు కాబట్టి ప్రశాంతంగా కనిపిస్తుంది, కొత్తవాళ్లు సరిగ్గా అక్కడికే దిగుతారు. అందులో పడితే ఒడ్డు వైపు ఈదకండి, అలిసిపోతారు. బోర్డుని గట్టిగా పట్టుకుని, ఒడ్డుకి సమాంతరంగా కొంత దూరం పక్కకి జరిగి, అలలు విరిగే చోటు నుంచి రండి. బోర్డుని వదలొద్దు, తేలడానికి అదే ఆధారం.

జెల్లీ చేపలు కొన్ని వారాల్లో ఎక్కువగా వస్తాయి. కుడితే సముద్రపు నీళ్లతోనే కడగండి, ఇసుకతో రుద్దకండి, అంటుకున్న పోగుల్ని వట్టి చేత్తో తీయకండి. ఊపిరి ఇబ్బందిగా ఉన్నా, ఒళ్లు తూలినా వెంటనే ఆసుపత్రికి. పెద్ద వాన పడిన మర్నాడు నీళ్లలో దిగకపోవడం మంచిది, వాగుల్లోని మురికంతా సముద్రంలోకే వస్తుంది. తాగి దిగడం గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటా, అయినా ప్రతి ఆదివారం చెప్పాల్సి వస్తోంది అక్కడి లైఫ్‌గార్డులకి.

నీళ్లలో పాటించాల్సిన మర్యాదలు ఉన్నాయా?

ఉన్నాయి. అల విరిగే చోటుకి ఎవరు దగ్గరగా ఉంటే అల వాళ్లది. వాళ్లు లేచి వస్తుంటే ముందుకి దూరి అదే అల ఎక్కడం డ్రాప్ ఇన్. ప్రపంచంలో ఎక్కడైనా తిట్లు తినిపించేది అదే. బోర్డు వదిలేసి మునగొద్దు, వెనక ఉన్నవాళ్లకి తగులుతుంది. లోపలికి వెళ్లేటప్పుడు అలలు విరిగే చోటు మధ్య నుంచి కాకుండా పక్క నుంచి చుట్టూ తిరిగి వెళ్లండి.

వీటన్నిటికంటే ముందు, అది మత్స్యకారుల పని చోటు. తెల్లవారుజామున ఫైబర్ పడవలు వెళ్తాయి, ఏడు, ఎనిమిది గంటలకి తిరిగొస్తాయి. అల మీద వచ్చే పడవ మిమ్మల్ని చూసి ఆగలేదు. దారి మీరే ఇవ్వాలి. ఆరబెట్టిన వలలు తొక్కకండి, వాటి మీద బోర్డు పెట్టకండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్లకి చేపల వేట నిషేధం. చిన్న పడవలు మాత్రం తిరుగుతూనే ఉంటాయి, కాబట్టి ఆ నెలల్లో ఒడ్డు ఖాళీ అనుకోకండి.

ఫొటోలు తీసేటప్పుడు కూడా. చేపలు ఏరుకునే ఆడవాళ్ల మొహం మీదకి కెమెరా పెట్టి పల్లె జీవితం అని పోస్టు చేసేవాళ్లంటే అక్కడ ఎవరికీ ఇష్టం లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు.

స్కేట్‌బోర్డింగ్ ఎక్కడ చేయాలి?

ముందే చెప్తున్నా, నగరాల్లో ఉండే పెద్ద స్కేట్‌పార్క్ ఊహించుకుని రావద్దు. ఇక్కడున్నవి సర్ఫింగ్ వాళ్లు అలలు లేని రోజుల కోసం కట్టుకున్న కాంక్రీటు వంపులు, చిన్న ర్యాంపులు. కొన్ని సర్ఫ్ స్కూళ్లు, గెస్ట్ హౌస్‌ల ఆవరణలో ఉంటాయి. గది బుక్ చేసేటప్పుడే ర్యాంపు ఇప్పుడు వాడకంలో ఉందా, బయటివాళ్లని రానిస్తారా, హెల్మెట్ అద్దెకి దొరుకుతుందా అని ఫోన్‌లో అడగండి. ఉప్పు గాలికి, వానకి ర్యాంపులు త్వరగా చెడిపోతాయి, ఏడాది కిందటి ఫొటో నమ్మడానికి లేదు.

చిన్నవని తక్కువ చేయకండి. మహాబలిపురం పిల్ల కమలి మూర్తి మొదలుపెట్టింది అలాంటి ర్యాంపు మీదే. గౌను వేసుకుని, కాళ్లకి చెప్పుల్లేకుండా ర్యాంపు దిగుతున్న ఆ చిన్నపిల్ల ఫొటోని అమెరికన్ స్కేట్‌బోర్డర్ టోనీ హాక్ పంచుకున్నాక ప్రపంచమంతా చూసింది. ఆమె మీద తీసిన లఘు డాక్యుమెంటరీ బ్రిటిష్ సినిమా అవార్డు బాఫ్టా నామినేషన్ దాకా వెళ్లింది. తర్వాత ఆమె సర్ఫింగ్‌లో కూడా జాతీయ పోటీల్లో గెలుస్తూ వచ్చింది. ఆ ఊళ్లో సాయంత్రం ర్యాంపు దగ్గర మీ పక్కనుంచి దూసుకెళ్లే పదేళ్ల పిల్లలు చాలామందే ఉంటారు. వాళ్ల వంతు వచ్చినప్పుడు అడ్డం నిలబడకండి.

ఎక్కడ చేయకూడదో కూడా చెప్పాలి. ఈసీఆర్ మీద వద్దు, అది హైవే, బస్సులు ఆగవు. పంచ రథాలు, వెన్నముద్ద బండ, తీర ఆలయం ఆవరణల్లో అసలు వద్దు. నున్నటి గ్రానైటు చూసి చక్రాలు దురద పెట్టే మాట నిజమే, కానీ అవి పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు. 1984 నుంచి యునెస్కో జాబితాలో ఉన్న చోటు.

నా స్కేట్‌బోర్డు తెచ్చుకోవాలా?

ఉంటే తెచ్చుకోండి. ర్యాంపు కోసమైతే 8 అంగుళాలకి అటూ ఇటూ వెడల్పున్న డెక్ (నిలబడే పలక), 52 నుంచి 54 మిల్లీమీటర్ల గట్టి చక్రాలు. వీధుల్లో తిరగడానికైతే అవి పనికిరావు. చిన్న గులకరాయి తగిలినా చక్రం ఆగిపోతుంది, మీరు ముందుకెళ్లిపోతారు. 60 మిల్లీమీటర్ల మెత్తటి చక్రాలున్న క్రూయిజర్ మేలు.

బీచ్ ఊళ్లో స్కేట్‌బోర్డుకి శత్రువులు రెండు, ఇసుక, ఉప్పు. బోర్డుని ఇసుకలో పెట్టకండి, తడి చెప్పులతో ఎక్కకండి. రాత్రి ఆరుబయట వదిలేస్తే బేరింగులు నాలుగు రోజుల్లో గరగరమంటాయి. పొడి గుడ్డతో తుడిచి, గదిలో సంచిలో పెట్టి, ఇంటికెళ్లాక బేరింగులు తీసి శుభ్రం చేసి నూనె చుక్క వేయండి. కొత్త బేరింగులు ఈ ఊరికి బయల్దేరే ముందు కాకుండా ఇంటికి తిరిగి వచ్చాక వేసుకోవడం తెలివైన పని.

మణికట్టు గార్డులు, మోకాలి ప్యాడ్లు, హెల్మెట్ తప్పనిసరి. ఇక్కడ ఇంకో లెక్క కూడా ఉంది. సాయంత్రం స్కేటింగ్‌లో అరచేయి గీరుకుపోతే మర్నాడు పొద్దున ఉప్పునీళ్లలో ఆ చేత్తోనే తెడ్డు వేయాలి.

ఒకటి వస్తే రెండోది తేలికా?

కొంతవరకు. స్కేట్‌బోర్డింగ్ పుట్టిందే సర్ఫింగ్ నుంచి. 1950లలో కాలిఫోర్నియా సర్ఫర్లు అలలు లేని రోజుల్లో పలకలకి చక్రాలు బిగించి వీధుల్లో తిరిగారు. ఒలింపిక్స్‌లోకి కూడా రెండూ ఒకేసారి, టోక్యో క్రీడల్లోనే వచ్చాయి. మోకాళ్లు వంచడం, చూసిన వైపే ఒళ్లు తిరగడం, బరువు ముందు కాలు మీదకీ వెనక కాలు మీదకీ మార్చడం, ఇవన్నీ ఉమ్మడి. స్కేట్‌బోర్డు తెలిసినవాళ్లు అల మీద నిలబడ్డాక త్వరగా మలుపులు తిప్పుతారు.

కానీ నిలబడేదాకా కావాల్సింది భుజబలం, అల చదవడం. స్కేట్‌బోర్డు అవి నేర్పదు. ర్యాంపు నేల కదలదు కదా. అందుకని బాగా స్కేట్ చేసే కుర్రాళ్లు మొదటి రెండు రోజులు సముద్రంలో కోపం తెచ్చుకోవడం మామూలే.

ఆడవాళ్లకి ఇబ్బందేమైనా ఉందా? ఏం వేసుకోవాలి?

రాష్ గార్డ్, మోకాళ్ల దాకానో కాలి మడమల దాకానో ఉండే లెగ్గింగ్స్. చాలామంది ఇదే వేసుకుంటారు, ఎండకీ మంచిది. చుడీదార్, దుపట్టా, వదులు టీషర్ట్ వద్దు, నీళ్లలో బరువెక్కి కాళ్లకి చుట్టుకుంటాయి. మహిళా కోచ్ కావాలంటే ముందు రోజే అడగండి, కొన్ని చోట్ల ఉన్నారు. లేచి నిలబడటానికి కోచ్ బోర్డు తోయాలి గానీ మనిషిని పట్టుకోనక్కర్లేదు. అది తెలిసి ఉంటే మంచిది, ఇబ్బంది అనిపిస్తే అక్కడే చెప్పేయండి. వారాంతాల్లో ఒడ్డున నిలబడి వీడియోలు తీసే జనం ఒక చికాకు. పొద్దున్నే ఆరింటికి వెళ్తే ఆ బెడద ఉండదు.

కళ్లజోడు పెట్టుకునేవాళ్లు?

తీసేసి దిగడమే. నేర్చుకునే చోట అల కనిపించడానికి ఆరుకి ఆరు చూపు అక్కర్లేదు. కాంటాక్ట్ లెన్సులు కొట్టుకుపోవడమే కాదు, ఉప్పునీళ్లు పట్టి కంటికి ఇన్ఫెక్షన్ రావచ్చు. పవర్ మరీ ఎక్కువైతే పవర్ ఉన్న ఈత గాగుల్స్, అవీ తాడుతో.

పిల్లల్ని తీసుకెళ్లొచ్చా?

నీళ్లంటే భయం లేకపోతే ఏడెనిమిదేళ్ల నుంచి బాగా నేర్చుకుంటారు, పెద్దవాళ్ల కంటే త్వరగా. ఒక్కో పిల్లకి ఒక్కో కోచ్ ఉండేలా చూడండి. ఇష్టం లేకుండా బలవంతంగా దింపొద్దు. స్కేటింగ్ దగ్గర పిల్లల కంటే తల్లిదండ్రులకే టెన్షన్ ఎక్కువ. హెల్మెట్ పెట్టి కాస్త దూరంగా కూర్చోండి.

భాష, తిండి?

తమిళం రాకపోయినా పని జరిగిపోతుంది. కోచ్‌లకి ఇంగ్లిష్ వచ్చు, తెలుగు అర్థమయ్యేవాళ్లూ తగులుతారు. అన్నా, అక్కా అని పిలిస్తే రెండు భాషల్లోనూ సరిపోతుంది. క్లాసుకి ముందు ఇడ్లీ రెండు, లేదా అరటిపండు, అంతే. పొంగల్, వడ తిని బోర్డు మీద బోర్లా పడుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. వచ్చాక ఎంతైనా తినండి. వంజరం వేపుడు ధర అడిగాకే ఆర్డర్ చేయండి, బరువును బట్టి ఉంటుంది.

అలలు లేకపోతే ఆ రోజంతా ఏం చేయాలి?

మహాబలిపురం చూడటానికి అదే మంచి రోజు. పొద్దున ఆరింటికే తీర ఆలయం తెరుస్తారు. పల్లవులు మనకి పరాయివాళ్లేం కాదు, వాళ్ల తొలి శాసనాల్లో ఒకటి పల్నాడులోని మంచికల్లులో దొరికింది. 2004 సునామీ వచ్చినప్పుడు సముద్రం వెనక్కి తగ్గి, తర్వాత ఇసుక కొట్టుకుపోయి, తీర ఆలయం దగ్గర అంతవరకూ కనిపించని చెక్కిన రాళ్లు కొన్ని బయటపడ్డాయి. గైడ్‌ని అడిగితే చూపిస్తారు.

ఈసీఆర్ మీదే వడనెమ్మేలి దగ్గర మొసళ్ల పార్కు ఉంది, 1976లో రోములస్ విటేకర్ మొదలుపెట్టినది. పిల్లలు ఉంటే సగం రోజు గడిచిపోతుంది. ముట్టుకాడులో దక్షిణచిత్ర ఉంది, పాత ఇళ్లని విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టారు, వాటిలో ఆంధ్ర ఇళ్లు కూడా ఉన్నాయి. మంగళవారం సెలవు, గుర్తుంచుకోండి.

పోటీలు చూడాలంటే ఎప్పుడు వెళ్లాలి?

పెద్ద అలల కాలంలో, ముఖ్యంగా ఆగస్టు చుట్టూ. 2025 ఆగస్టులో ఆసియా సర్ఫింగ్ చాంపియన్‌షిప్స్ మహాబలిపురంలోనే జరిగాయి. రమేశ్ బుదిహాల్ అందులో కాంస్యం గెలిచాడు. ఆ పోటీల్లో వ్యక్తిగత పతకం తెచ్చిన మొదటి భారతీయుడు అతనే. అన్నట్టు అతను కేరళ కోవలంలో సర్ఫింగ్ నేర్చుకున్నవాడు. పోటీల వారంలో గదులు దొరకవు, నేర్చుకోవడానికి కోచ్‌లూ దొరకరు, వాళ్లే బరిలో ఉంటారు. చూడటానికి వెళ్తే చూడటానికే వెళ్లండి.

ఇంటికొచ్చాక మర్చిపోకుండా ఏం చేయాలి?

రోజూ చాప మీద పది పాప్ అప్‌లు. వారంలో రెండు మూడు సార్లు ఈత, అందులో ఫ్రీస్టైల్ ఎక్కువగా, భుజాలు నిలబడాలి కాబట్టి. ముందు ట్రక్ (చక్రాలు బిగించే ఇరుసు) బాగా తిరిగే సర్ఫ్‌స్కేట్ అనే బోర్డు ఒకటి దొరుకుతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో, ఆదివారం పొద్దున ఖాళీ పార్కింగ్‌లోనో దాని మీద మలుపులు సాధన చేయొచ్చు. వాచ్‌మన్‌కి ముందు చెప్పండి. తర్వాతి ప్రయాణానికి టికెట్టు మాత్రం ఆర్నెల్లు దాటనివ్వకండి, అంతకంటే ఆలస్యమైతే మళ్లీ నురగ అలల దగ్గర నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.